తృణధాన్యముల నేల: భారతదేశపు అనుభవమునకు ఒక సమీక్ష

ఒక దేశమున ప్రతివత్సరము తృణధాన్యములు పండెడు భూమి యెంత యను ప్రశ్న, పైకి గణాంకశాఖవారు మాత్రమే పట్టించుకొనవలసిన శుష్కవిషయముగా తోచును. కాని ఆ దేశపు ప్రజ యేమి తినుచున్నదో, ఆ తిండి యే నీటితో పండుచున్నదో, వానను నమ్ముకొన్న మెట్టరైతు బ్రతుకు ఏ దారిని పోయినదో, ప్రభుత్వము ఏ పంటను ఆదరించి ఏ పంటను ఉపేక్షించినదో, ఇవన్నియు ఆ ఒక్క ప్రశ్నలోనే యిమిడియున్నవి. భారతదేశమును గూర్చి ఈ ప్రశ్నకు లభించు సమాధానము మొదట చదివినవారిని ఒకింత నిశ్చింతులను జేయును. 1970-71లో వరి, గోధుమ, జొన్న, సజ్జ, మొక్కజొన్న, రాగి, బార్లీ, తదితర చిరుధాన్యములు అన్నియు కలిపి సుమారు 10.18 కోట్ల హెక్టార్లలో సాగైనవి. 2010-11లో ఆ మొత్తము 10.03 కోట్లు. ఈ నలువదియేండ్లలో జనాభా రెట్టింపునకు మించి పెరిగినను, పట్టణములు పొలముల మీదికి విస్తరించినను, తిండిగింజల నేల ఇంచుమించు చెక్కుచెదరలేదని ఈ రెండు సంఖ్యలును చెప్పుచున్నట్లు కనిపించును. ఆ మాట సగము మాత్రమే సత్యమనియు, కదలనట్లు కనిపించు ఆ మొత్తము చాటున అతివిస్తృతమైన స్థానచలనము జరిగినదనియు, అందువలన నష్టపోయినవి మెట్టనేలయు, దానిని నమ్ముకొన్న కుటుంబములును అనియు నా నిశ్చితాభిప్రాయము.

విషయమునకు రాకముందు, ఈ లెక్కలు ఎట్లు పుట్టుచున్నవో తెలిసికొనుట అవసరము. రైత్వారీ పద్ధతి గల మద్రాసు రాజధానిలో గ్రామకరణము పొలము పొలమునకు పోయి, ఏ సర్వే నంబరులో ఏ పంట యున్నదో అడంగలులో వ్రాసెడివాడు. నిజాము రాజ్యమున పట్వారీ ఆ పనినే పహాణీలో చేసెడివాడు. శాశ్వత జమీందారీ పద్ధతి గల వంగదేశ, బీహారు ప్రాంతములలో శిస్తు మారునది కాదు గనుక పంటల వివరము సర్కారునకు అంతగా అవసరపడలేదు. అచ్చట గ్రామోద్యోగియే లేకపోవుటచే విస్తీర్ణపు లెక్కలు చాలవరకు అంచనాలే. దిగుబడి మాట చెప్పనే అక్కరలేదు. పూర్తిపంటను పదియారణాలుగా భావించి, ఈ యేడు పదియణాల పంట, పండ్రెండణాల పంట అని కంటిచూపుతో నిర్ణయించు ఆచారము 1940 ప్రాంతము వరకును సాగినది. పి. వి. సుఖాత్మే, పి. సి. మహలనోబిస్ వంటి గణాంకశాస్త్రజ్ఞుల కృషి ఫలితముగా, యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న మడులలో పంటను కోసి తూచు పద్ధతి వచ్చిన పిమ్మటనే దిగుబడి లెక్కలకు విశ్వసనీయత యేర్పడినది.

ఇంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి కలదు. తృణధాన్యముల విస్తీర్ణమని మనము చదువునది వాస్తవముగా నేల విస్తీర్ణము కాదు, కోతల విస్తీర్ణము. గోదావరి డెల్టాలో సార్వాయు దాళ్వాయు పండిన యెకరము ఆ లెక్కలో రెండెకరములగును. పంజాబులో వరి కోసి గోధుమ విత్తిన హెక్టారు రెండు హెక్టార్లగును. తొలకరికి విత్తి సంక్రాంతికి ముందు కోసుకొన్న మెట్టజొన్న చేను మాత్రము ఒక్కటిగానే యుండును. కావున మెట్టలో ఒకకారు జొన్న తొలగి, మాగాణిలో రెండవకారు వరి చేరినచో మొత్తము మారదు గాని, తిండిగింజలకు వాస్తవముగా దక్కిన నేల తరిగిపోవును. దేశముల నడుమ ఈ సంఖ్యలను పోల్చి తీర్మానములు చేయువారు తఱచుగా విస్మరించు సంగతి యిదియే.

స్వాతంత్ర్యమునకు పూర్వపు ఆరు దశాబ్దములను పరిశీలించిన జార్జి బ్లిన్, 1891 మొదలు 1947 వరకు ఆహారధాన్యముల ఉత్పత్తి సాలీనా సగటున నూటికి 0.11 వంతు మాత్రమే పెరిగినదనియు, జనాభా అదే కాలములో 0.67 చొప్పున పెరిగినదనియు, ప్రత్తి, చెఱకు వంటి ఆహారేతర సస్యములు మాత్రము 1.31 చొప్పున వృద్ధినొందినవనియు నిర్ధారించెను. దిగుబడులు తగ్గినట్లు కనిపించుట కొంతవరకు ఆ యణాల లెక్క యొక్క దోషమేనని అలన్ హెస్టన్ వంటివారు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణలో సారము లేకపోలేదు. కాని దేశమునకు బర్మాబియ్యము రావలసివచ్చుటయు, 1942లో బర్మా జపానువారి వశమైనంతనే దక్షిణమున కొఱత కలుగుటయు, 1943లో వంగదేశమున లక్షలాది ప్రజలు ఆకలితో అసువులు బాయుటయు లెక్కల దోషములు కావు. ఆ క్షామమునకు పంటకొఱత యొక్కటియే కారణము కాదనుట నేడు సర్వాంగీకృతమే. ఐనను తలకు లభించు ధాన్యము ఏటేట సన్నగిల్లుచున్న దేశములో గాని అంతటి విపత్తు అంత శీఘ్రముగా వ్యాపింపదు.

ఆ కాలమున సైతము మన కోస్తామండలములది భిన్నమైన చరిత్ర. నందన కరువుగా 1833లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన దుర్భిక్షము పిమ్మట, ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు, అటు వెంటనే బెజవాడ వద్ద లేచిన కృష్ణ ఆనకట్టయు, చోళ్లు, జొన్నలు, పునాసపంటలు పండు విశాలభూభాగమును వరిమాగాణిగా మార్చినవి. వరి యొక్క విజయయాత్ర మనకు హరితవిప్లవముతో మొదలైనది కాదు; దానికి శతాధికసంవత్సరముల పూర్వమే కాలువగట్ల మీద మొదలైనది.

దేశవిభజనతో పశ్చిమ పంజాబు, సింధులలోని కాలువ భూములు, అనగా గోధుమకు పట్టుగొమ్మలైన ప్రాంతములు, పాకిస్తానుకు పోయినవి. మిగిలిన దేశమున 1950-51లో తృణధాన్యముల క్రింద నున్నది 7.82 కోట్ల హెక్టార్లు. 1942లోనే ఆరంభమైన 'అధికాహారోత్పత్తి' ఉద్యమము ఆశించిన ఫలితము నీయలేదని 1952లో వి. టి. కృష్ణమాచారి సంఘము తేల్చినది. గ్రామజీవితము నంతటిని కదిలింపక ఒక్క ధాన్యమునే పెంచజూచుట పొరపాటని ఆ సంఘము చేసిన హితబోధ నేటికిని పునఃపఠనార్హము. ఐనను తరువాతి యిరువది సంవత్సరములలో పెరిగినది ప్రధానముగా నేలయే. బంజరులు, పచ్చికబయళ్లు, అడవుల అంచులు దున్నకమునకు వచ్చినవి, నికరసాగు 11.87 కోట్ల హెక్టార్ల నుండి 14 కోట్లకు చేరినది. తుంగభద్ర, హీరాకుడ్, భాక్రా జలాశయములు నిండినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. తృణధాన్యముల విస్తీర్ణము 1960-61కి 9.20 కోట్లకును, పదేండ్ల పిమ్మట 10.18 కోట్లకును ఎదిగినది. ఆ యెదుగుదలలో జొన్నకును సజ్జకును గూడ భాగమున్నదని గుర్తింపవలెను. జొన్న 1.56 కోట్ల నుండి 1960-61లో 1.84 కోట్లకు హెచ్చినది. సజ్జ 90 లక్షల నుండి 1970-71 నాటికి 1.29 కోట్లకు పెరిగినది. మెట్టపంటల పతనము అనాదిగా వచ్చుచున్న ప్రకృతిసిద్ధపరిణామమను వాదమునకు ఈ సంఖ్యలే ప్రత్యాఖ్యానము. ఆ పతనమునకు తేదీ గలదు, కారణములు గలవు.

1965-66, 1966-67 సంవత్సరములలో వరుసగా రెండు అనావృష్టులు సంభవించినవి. పి. ఎల్. 480 అను అమెరికా శాసనము క్రింద ఆ దేశపు గోధుమల ఓడలు వచ్చిన గాని పట్టణములలో రేషను నడువని దుస్థితి యేర్పడినది. సి. సుబ్రహ్మణ్యం ఆహారవ్యవసాయమంత్రిగా నున్న ఆ కాలమున, 1965లో భారత ఆహారసంస్థయు, వ్యవసాయధరల సంఘమును వెలసినవి. 1966లో పదునెనిమిదివేల టన్నుల మెక్సికో గోధుమ విత్తనము దిగుమతియైనది. నార్మన్ బోర్లాగ్ సృష్టించిన ఆ పొట్టిరకములను ఎం. ఎస్. స్వామినాథన్ ప్రభృతులు మన నేలకు అనువుపఱచిరి. వరియందు ఫిలిప్పీన్స్ నుండి ఐ. ఆర్. 8 వచ్చినది. పశ్చిమగోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లో దానిని పండించి, హెక్టారుకు ఒకటి రెండు టన్నులకు అలవాటుపడిన తోడి రైతులకు వరి యెంత యిచ్చునో కన్నులార చూపెను. అక్కుళ్లు, కాటుకలు, మొలగొలుకులు ఏలిన డెల్టాలను క్రమముగా పొట్టివంగడము లాక్రమించినవి. మార్టేరు పరిశోధనకేంద్రము నుండి స్వర్ణ, బాపట్ల నుండి సాంబమసూరి వెలువడి, ఆంధ్రదేశపు పొలిమేరలు దాటి తూర్పుభారతమంతటను వ్యాపించినవి.

దీని సాఫల్యమును తక్కువచేసి పలుకుట కృతఘ్నత. 1950-51లో హెక్టారుకు 663 కిలోలిచ్చిన గోధుమ 2000-01లో 2,708 కిలోలిచ్చినది. వరి 668 నుండి 1,901కి చేరినది. అపరాలతో కలిపి 5.08 కోట్ల టన్నులుగా నుండిన ఆహారధాన్యములు 2010-11లో 24.45 కోట్ల టన్నులైనవి. పాతదిగుబడులే నిలిచియున్నచో ఈ జనాభాను పోషించుటకు ఇంకను ఎన్ని కోట్ల హెక్టార్ల అడవి నరుకవలసివచ్చెడిదో యూహింపవచ్చును. వరిగోధుమల దిగుబడి పెరుగుట వలన అడవికిని ఆకలికిని కలిగిన ఉపశమనము వాస్తవము. నా వివాదము దానితో కాదు; ఆ ఉపశమనము పేర మెట్టకు జరిగిన అన్యాయముతో.

1970 తరువాత మొత్తము నిలిచిపోయినది. 1980-81లో 10.42 కోట్లు, 1990-91లో 10.32 కోట్లు, 2000-01లో 10.07 కోట్లు. కాని లోపల చూడుడు: గోధుమ 1950-51లో కోటికి లోపుగా, 97.5 లక్షల హెక్టార్లలో నుండి, 1970-71లో 1.82 కోట్లు, 2010-11లో 2.9 కోట్లు దాటి, ఇటీవల 3 కోట్లకు మించినది. వరి 3.08 కోట్ల నుండి 4.5 కోట్లు దాటినది. మొక్కజొన్న 32 లక్షల నుండి కోటి పరిసరములకు వచ్చినది. ఎదుటిపక్షమున, జొన్న 1960-61 నాటి 1.84 కోట్ల నుండి 2000-01లో 98.6 లక్షలకు, 2010-11లో 73.8 లక్షలకు, నేడు 40 లక్షల దరిదాపునకు క్రుంగినది. కొఱ్ఱ, సామ, వరిగ, ఆరిక, ఊద మొదలగు చిరుధాన్యములు 46 లక్షల హెక్టార్ల నుండి 5 లక్షలకు లోపైనవి. అనగా పదింట తొమ్మిది వంతులు మాయమైనవి. రాగి సగమైనది, బార్లీ 31 లక్షల నుండి ఆరేడు లక్షలకు తగ్గినది. ఇంత పెద్ద మార్పును 'స్థిరత్వ'మని పిలుచుట వస్తుస్థితిని కప్పిపుచ్చుటయే.

జొన్న యేల తగ్గినది? ఈ విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. మొదటివాదము రుచిని గూర్చినది: చేతిలో నాలుగు కాసులాడినచో ప్రజలు జొన్నసంకటి విడిచి వరియన్నమును కోరుదురనియు, అది సహజమనియు దాని సారాంశము. పలనాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువుల వైపు చూచి, ఈ యభిరుచి నేటిది కాదని వారు చెప్పుదురు. సన్నన్నము గౌరవచిహ్నమైనదనుట నిజమే. కాని అభిరుచి అయిదువందల యేండ్లుగా నున్నచో, పతనము 1970 తరువాతనే యేల? కర్ణాటకమున దక్షిణమండలముల వారు రాగిముద్దను సంపద కలిగినను విడువలేదు; సోలాపురము చుట్టుపట్ల రబీజొన్న, ముఖ్యముగా మాల్దండి రకము, రొట్టెకును చొప్పకును నేటికిని ఆదరణ పొందుచునే యున్నది. రుచి యొక్కటియే నేలను మార్చజాలదు.

రెండవవాదము శాస్త్రజ్ఞుల ఉపేక్షను గూర్చినది. అదియు సంపూర్ణముగా నిలువదు. సి. ఎస్. హెచ్. 1 అను సంకరజొన్న 1964లోనే విడుదలైనది, సంకరసజ్జ మరుసటియేడే వచ్చినది. జొన్న దిగుబడి పెరిగినను విస్తీర్ణము తగ్గుచునే వచ్చినది. అంతేగాక, ఖరీఫులో త్వరగా కంకివేయు సంకరజొన్నలకు కోతవేళ వాన తగిలి గింజ నల్లబడి బూజుపట్టుటచే, అంగడిలో ధర పడిపోయినది. పాతరకములు పొడుగుగా నెదిగి వానలు వెనుకబడిన పిమ్మట కంకివేయుచు ఈ యాపదను తప్పించుకొనెడివి. ఇచ్చట విజ్ఞానము రైతు వివేకమును విచారించి యుండవలసినది.

మూడవవాదము ధరను గూర్చినది. నా మనస్సు దీనివైపే మొగ్గుచున్నది. ప్రభుత్వము ప్రతియేట ప్రధానధాన్యములకు కనీసమద్దతుధరను ప్రకటించును. 2023-24లో సామాన్యరకపు వరికి క్వింటాలుకు 2,183 రూపాయలు కాగా, సంకరజొన్నకు 3,180, రాగికి 3,846 రూపాయలు. కాగితము మీద మెట్టపంటకే అధికాదరము. కాని వరి పండించిన రైతుకు ఊరిలో కొనుగోలుకేంద్రమున్నది, మిల్లున్నది, గోదామున్నది. జొన్న పండించినవానికి ప్రకటన మాత్రమున్నది. పెద్దయెత్తున కొనువాడు లేని మద్దతుధర రైతుకు మద్దతు కాజాలదు. అటు వినియోగపక్షమున, 1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము కిలో రెండురూపాయలకు బియ్యము నందించుట పేదవాని పొట్ట నింపిన పుణ్యకార్యమే. ఐనను, ఇంటిలో గరిసె నిండ జొన్న పోసికొనుటకంటె చౌకగా బియ్యము దొరకుచున్నప్పుడు, మెదకు, మహబూబునగరు మెట్టలలో సొంతతిండికై జొన్న విత్తవలసిన యవసరము తొలగిపోయినది. ఆ పథకములో ఆయా ప్రాంతముల ధాన్యమునకే చోటు గల్పించియున్నచో, పేదవాని కడుపును మెట్టరైతు పొలమును రెండును నిలిచెడివి. ఇంకొక కారణము ఎవరును అంతగా చెప్పనిది: ట్రాక్టరు వచ్చి కాడియెద్దులు తగ్గినవి, ఎద్దులు తగ్గగా చొప్పకు గిరాకి తగ్గినది. జొన్న గింజకెంత పంటయో మేతకును అంత పంట; మేతవిలువ పడిపోయినచో పంటవిలువ సగము పోయినట్లే. దీనికి తోడు గింజ పాలుపోసికొనునప్పటి నుండి మంచె మీద కూర్చుండి పిట్టలను తోలుటకు కూలివారి కొఱత యేర్పడినది.

జొన్న విడిచిన నేలలో ఏమి చేరినది? మధ్యప్రదేశపు నల్లరేగడులలో సోయాచిక్కుడు, మహారాష్ట్ర తెలంగాణములలో ప్రత్తి, కర్నూలు ప్రకాశము మండలముల రేగడులలో సెనగ. అనంతపురము సీమలో కొఱ్ఱ, సజ్జ, జొన్న, ఆరిక కలిసి పండెడు యెఱ్ఱచెల్కలను వేరుసెనగ దాదాపు ఏకచ్ఛత్రాధిపత్యముగా ఆక్రమించినది. పలుపంటల చేనులో వాన తొలుత తప్పినను తుదకు కురిసినను ఏదో యొక గింజ యింటికి వచ్చెడిది. కాయలూరక మునుపు ఇరువది దినములు వాన లేకపోయిన వేరుసెనగరైతునకు అప్పు తప్ప మఱేమియు మిగులదు. ఆ జిల్లాలో రైతుల ఆత్మహత్యలకు కారణములు బహుళములే. కాని తిండిపంట తొలగి ఒక్క అమ్మకపుపంట మీద కుటుంబమంతయు ఆధారపడుట వాటిలో గణనీయమైనదని నా విశ్వాసము. పలనాడు వేఱుదారి పట్టినది. సాగరు కుడికాలువ వచ్చి ఆ జొన్నసీమలో వరి, ప్రత్తి, మిరప నెలకొన్నవి.

మొక్కజొన్న కథ ప్రత్యేకముగా చెప్పదగినది. కోస్తాలో వరి కోసిన మాగాణులలో పూర్వము మినుము చల్లెడివారు. పల్లాకు తెగులు, బంగారుతీగ కలుపు మినుమును పీడింపగా, కృష్ణాగుంటూరు డెల్టాలలో దుక్కి దున్నకయే వరిమోళ్ల నడుమ మొక్కజొన్న నాటుట వ్యాపించినది. తెనాలి ప్రాంతమున సంకరజొన్నయు అట్లే మాగాణికి దిగి, మెట్టలో కలనైన గనని దిగుబడుల నిచ్చుచున్నది. ఐతే ఈ గింజ చాలవరకు మనుష్యుల కంచములోనికి రాదు. కోళ్లదాణాకును, గంజిపిండి కర్మాగారములకును, ఇటీవల ఇథనాల్ బట్టీలకును పోవుచున్నది. తృణధాన్యముల విస్తీర్ణము తగ్గలేదని సంతసించునప్పుడు, తగ్గిన కొఱ్ఱ మనుష్యుల ఆహారమనియు, పెరిగిన మొక్కజొన్న అధికభాగము పశుపక్ష్యాదుల ఆహారమో యంత్రముల ఇంధనమో యనియు మఱువరాదు.

ఇక నీటి సంగతి. 1950-51లో రెండు కోట్ల హెక్టార్లకు కొంచె మెక్కువగా నుండిన నీటిపారుదల గల నికరభూమి 2010-11 నాటికి ఆరుకోట్లు దాటినది. ఈ యధికములో సింహభాగము బావులది, అందును గొట్టపుబావులది. చెఱువులు మాత్రము 1960-61లో 46 లక్షల హెక్టార్లను తడిపి, 2010-11లో 20 లక్షలకు లోపైనవి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెఱువులు గల దేశమునకు ఇది దుస్సహమైన లెక్క. పంజాబునందు 1960-61లో వరి 2.27 లక్షల హెక్టార్లు. నేడు 31 లక్షలు. అది అచ్చటి భోజనము కాదు, అచ్చటి వర్షపాతమునకు తగిన పంటయు కాదు; నిశ్చితమైన కొనుగోలును, చవక విద్యుత్తును ఆ పంటను అచ్చట నిలిపినవి. భూగర్భజలములు పాతాళమునకు దిగుచుండగా 2009లో ఆ రాష్ట్రము జూన్ పదవ తేదీకి ముందు నాటువేయరాదని శాసనము చేయవలసివచ్చినది. దానివలన కోత వెనుకకు జరిగి, గోధుమ విత్తుటకు వ్యవధి చాలక, గడ్డిని చేలలోనే తగులబెట్టు దురాచారము తీవ్రమైనదని పలువురు పరిశీలకుల మతము.

తెలంగాణము ఇదే మార్గమున నడచుచున్నది. రాష్ట్రమేర్పడిన 2014-15లో రెండు కార్లు కలిసి సుమారు 35 లక్షల యెకరములలో నుండిన వరి, చెఱువుల పునరుద్ధరణము, 2018 జనవరి నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచితవిద్యుత్తు, కాళేశ్వరాది యెత్తిపోతలు, ఊరూర కొనుగోలుకేంద్రములు సమకూరుటతో 2022-23లో కోటి యెకరములు దాటినది. ఎండిన నేలకు నీరు వచ్చుటను చూచి ఆనందింపనివా డెవ్వడు? గల్ఫుకును బొంబాయికిని వలసపోయిన పాలమూరు, కరీంనగరు బిడ్డలకు ఇంటివద్ద పని దొరకుట చిన్న విషయము కాదు. కాని యాసంగిధాన్యము మండువేసవిలో కోతకు వచ్చి, పచ్చిబియ్యముగా ఆడించినచో నూకలగుననియు, ఉప్పుడుబియ్యము తమకు వలదని కేంద్రము, కొనితీరవలెనని రాష్ట్రము వాదులాడుకొనగా 2021లో రైతు ధాన్యపురాసుల యొద్ద దినముల తరబడి కాపలా పడియుండవలసివచ్చినదనియు మనము చూచితిమి. పంజాబు నలువదియేండ్లలో నేర్చిన పాఠమును తెలంగాణము పదేండ్లలోనే యెదుర్కొనుచున్నది.

డెల్టాలలో ఇందుకు విపరీతమైన ధోరణి కనిపించును. కొల్లేరు చుట్టును, భీమవరము పరిసరములను, వరిమడులు చేపలచెఱువులుగా, రొయ్యలచెఱువులుగా మారినవి. పెట్టుబడి రాదని 2011 ఖరీఫులో కోనసీమరైతులు వరి నాటక పంటవిరామము ప్రకటించిరి. అన్నపూర్ణ యనిపించుకొన్న సీమలో మడులు బీడువడుట నాడు దేశమంతటను చర్చనీయాంశమైనది. వ్యవసాయేతర వినియోగమునకు పోయిన భూమి దేశమందు 1950-51లో 94 లక్షల హెక్టార్లు, 2010-11లో 2.6 కోట్లు, పట్టణముల చుట్టునుండు మంచినేలయే ముందుగా పోవునది గనుక ఈ నష్టము సంఖ్యకంటె గుణమున పెద్దది. అయినను తృణధాన్యములకు కలిగిన ముఖ్యమైన నష్టము ఇండ్లస్థలముల వలన కాదు, మెట్టలో పంటమార్పిడి వలన కలిగినదని నేను గట్టిగా చెప్పుదును.

ఆశకు తావు లేకపోలేదు. జహీరాబాదు ప్రాంతమున 1983లో ఆరంభమైన దక్కను అభివృద్ధి సంఘపు స్త్రీలు, అధికసంఖ్యాకులు దళితకుటుంబములవారు, బీడువడిన చెల్కలను బాగుచేసికొని, జొన్నను, కొఱ్ఱను, కందిని పలురకములుగా కలిపి విత్తి, ఊరిలో పండిన గింజను ఊరిలోని పేదలకే తక్కువధరకు పంచు ధాన్యనిధులను తామే నిర్వహించిరి. రేషను బియ్యము రాకపూర్వము నుండి పాతరలలో గింజ దాచుకొన్న నేర్పు వారికి వారసత్వముగా వచ్చినదే. ఒడిశా ప్రభుత్వము 2017లో చిరుధాన్యముల పథకము నారంభించి, గిరిజనమండలములలో రాగిని కొని చౌకడిపోలకు పంపుచున్నది. 2013 నాటి ఆహారభద్రతా శాసనము ముతకధాన్యములకును చోటిచ్చినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యవత్సరముగా పాటించినది. పట్టణములలో మధుమేహభయముచే కొఱ్ఱకును అండుకొఱ్ఱకును ధర పెరిగినది. కాని పట్టణపు అంగళ్లలోని ధర చేనిదాక చేరుట అరుదు. ఉత్సవములతో విస్తీర్ణము పెరుగదు. చిరుధాన్యవత్సరము గడచిన పిమ్మటను జొన్న విస్తీర్ణము 1960-61 నాటి దానిలో నాలుగవ వంతు దరిదాపుననే యున్నది.

కావున మన ఉభయ తెలుగురాష్ట్రముల ప్రభుత్వములకు నా విన్నప మొక్కటియే. ధరల ప్రకటనతో సరిపుచ్చక, జొన్న, రాగి, కొఱ్ఱలకు మెట్టమండలములలో వరికివలెనే కొనుగోలుకేంద్రములు తెరచి, ఆ గింజను ఆ మండలపు చౌకడిపోలలోను, బడిపిల్లల మధ్యాహ్నభోజనములోను, అంగన్వాడీలలోను వినియోగింపుడు. అనంతపురము, మహబూబునగరు జిల్లాలలో ముందు మొదలుపెట్టుడు. ఆ పని రెండుమూడేండ్లు నిలకడగా సాగినచో, ఏ చెల్కలో ఏ గింజ విత్తవలెనో అచ్చటి రైతులకు మనము వేరుగా చెప్పవలసిన యవసరముండదు.